చెరువు అంచున తుంగను బతకనివ్వండి

విశాఖపట్నం జిల్లా కలెక్టర్ గారికి,

నమస్కారం. మొన్న వేసవిలో మా ఇంటి దగ్గరి చెరువును బాగుచేస్తామని ప్రొక్లెయిన్ తెచ్చారు. రెండు రోజుల్లో అంచంతా గీకేశారు. గుర్రపుడెక్కతో పాటు తుంగ కూడా ట్రాక్టర్ ఎక్కి వెళ్లిపోయింది. తొలి వానకే గట్టు మట్టి కరిగి నీళ్లలోకి జారింది. చూస్తుంటే కడుపు తరుక్కుపోయింది.

అయ్యా, ఈ రెండూ ఒకటి కావు. గుర్రపుడెక్క దక్షిణ అమెరికా నుంచి వచ్చి నీటిని కప్పేసే మొక్క. దాన్ని తీయాల్సిందే. తుంగ జాతి మన నేలది. దాని కాడను వేళ్ల మధ్య తిప్పి చూడండి, మూడు పలకలు తగులుతాయి. దాని బంధువే ఎలియోకారిస్. దానికి ఆకులే ఉండవు, పచ్చటి కాడే ఆకు పని చేస్తుంది, కొనన ఒకే ఒక్క చిన్న కంకి. ఒక రకంలో కాడ లోపల గదులు గదులుగా ఉంటుంది, నొక్కితే టప్ టప్‌మంటుంది. చిన్నప్పుడు మాకదే ఆట.

ఇవి వేళ్లతో మట్టిని పట్టి ఉంచుతాయి, వరదతో వచ్చే ఒండ్రును ఆపుతాయి, నీటికోళ్లకు చాటునిస్తాయి. ముడసర్లోవ, మేఘాద్రిగెడ్డ జలాశయాల నీళ్లు మనం తాగేవే కదా. అక్కడైనా, మా చెరువులోనైనా పూడిక తీసేటప్పుడు అంచున కొన్ని అడుగుల తుంగను వదిలేయమని టెండర్‌లోనే రాయించండి. పని మొదలయ్యే ముందు మొక్కలు తెలిసిన మనిషిని ఒక్కసారి గట్టు మీద నడిపించండి.

ఇట్లు,
చెరువు గట్టున ఉండే ఒక విశాఖవాసి