ఆసు మెషిన్ వేరు, మరమగ్గం వేరు

సంపాదకుల వారికి నమస్కారం.

పోయిన వారం మీ పాఠకుల ఉత్తరాల్లో ఒకాయన రాసింది చదివాను. పోచంపల్లి వైపు ఇళ్లల్లోకి కరెంటు మెషిన్లు వచ్చాయని, ఇంకా దాన్ని చేనేత అని అమ్మడం కొనేవాళ్లను మోసం చేయడమేనని ఆయన మాట. ఆయన చూసింది ఆసు మెషిన్. నేను పెళ్లయి ఈ ఇంటికి వచ్చిన దగ్గర్నుంచి పంతొమ్మిదేళ్లు చేత్తో ఆసు పోశాను. ఆ తర్వాత నుంచి ఆ మెషిన్ మీదే పోస్తున్నాను. అందుకే జవాబు రాయకుండా ఉండలేకపోయాను.

ఆసు అంటే తెలియనివాళ్లకు ముందు అది చెప్పాలి. మా చీరల మీద డిజైన్ నేసేటప్పుడు పుట్టదు, అంతకుముందే నూలులో ఎక్కి ఉంటుంది. నూలును వరసగా పోసుకుని, గుర్తులు గీసుకుని, రంగు అంటకూడని చోటల్లా సైకిల్ ట్యూబు నుంచి కోసిన సన్న రబ్బరు పట్టీలతో బిగించి కట్టి రంగులో ముంచుతాం. దీన్నే చిటికి కట్టడం అంటాం. ఆ కట్టడానికి వీలుగా పేక నూలును, అంటే బట్టలో అడ్డంగా వచ్చే నూలును, పోసి పెట్టడమే ఆసు. ఒక పక్క ఒక్కటే మేకు. దానికి ఎదురుగా సగం చక్రంలా వరసగా మేకులు. పోగును ఇక్కణ్ణుంచి అక్కడికి తీసుకెళ్లి చుట్టి, మళ్లీ ఇక్కడికి తెచ్చి, ఈసారి పక్క మేకుకు వెయ్యాలి. ఒక్క చీరకు చెయ్యి ఇలా దాదాపు 9,000 సార్లు తిరుగుతుంది. రోజుకు రెండు చీరలకు పోస్తే 18,000 సార్లు. పోగు బిగువు ఒకేలా ఉండాలి, లెక్క తప్పకూడదు. తప్పితే నేతలో పువ్వు చెదిరిపోతుంది.

మా ఇళ్లల్లో మగ్గం మగవాళ్లది, ఆసు ఆడవాళ్లది. ఒక చీరకు నాలుగైదు గంటలు. వంట, పిల్లలు, నీళ్లు, అన్నీ దాని చుట్టూ సర్దుకోవాల్సిందే. నాకు ముప్పై ఐదేళ్లు రాకముందే కుడి భుజం పట్టేసింది. పొద్దున లేచి తల దువ్వుకుందామంటే చెయ్యి చెవి దాటి పైకి లేచేది కాదు. మా పెద్దమ్మాయి అప్పుడు ఆరో తరగతి, బడికి పోయే ముందు తనే నాకు జడ వేసేది. రాత్రి మా అత్తమ్మ ఇటుక వేడి చేసి గుడ్డలో చుట్టి కాపడం పెట్టేది. ఆమె భుజం అప్పటికే పోయింది, నొప్పి ఎక్కడుంటుందో ఆమెకు చెప్పాల్సిన పని లేదు. డాక్టరు దగ్గరికి పోతే ఆ పని మానేయమన్నారు. నేను మానేస్తే మగ్గం ఆగుతుంది.

ఆలేరు దగ్గరి చింతకింది మల్లేశం గారు ఆసు యంత్రం చేసింది కూడా వాళ్లమ్మ లక్ష్మి గారి భుజం నొప్పి చూసే. చదువు ఆరో తరగతితో ఆగిపోయినా, 1992లో మొదలుపెట్టి ఏళ్ల తరబడి ఒక్కో భాగం చేసుకుంటూ 1999లో పూర్తి చేశారు. తల్లి పేరే దానికి పెట్టారు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చినప్పుడు మా వాడలో ఆడవాళ్లందరం మా ఇంటి మనిషికే వచ్చినట్టు సంతోషపడ్డాం. ఇప్పుడు అదే చీరకు గంటన్నర చాలు. పోగు తెగకుండా కనిపెట్టుకుని ఉంటే సరిపోతుంది. నా చెయ్యి మళ్లీ తల దాకా లేస్తోంది.

ఇక చేనేత సంగతి. ఆసు మెషిన్ బట్ట నేయదు. ఒక్క అంగుళం కూడా నేయదు. పోగును మేకులకు చుట్టి పెడుతుంది, అంతే. దాని తర్వాత గీత గీసేది, చిటికి కట్టేది, రంగులో ముంచేది, విప్పేది, కండెలు చుట్టేది, గుంట మగ్గంలో కూర్చుని పువ్వుకు పువ్వు కలుపుతూ నేసేది, అన్నీ మేమే. 1985లో వచ్చిన చేనేత రిజర్వేషన్ చట్టం కూడా మరమగ్గం, అంటే కరెంటుతో నేసే మగ్గం, కాని మగ్గాన్నే చేనేత మగ్గం అంటుంది. చూడాల్సింది మగ్గాన్ని. నూలు ఎలా చుట్టారన్నది కాదు.

మా చిన్నమ్మాయి ఇంకో సంగతి చదివి చెప్పింది. మా ఆయన తాడు లాగితే పేక పోగును మోసుకెళ్లే నాడె ఇటు నుంచి అటు దూసుకుపోతుంది కదా, ఆ ఏర్పాటు ఇంగ్లండ్‌లో జాన్ కే అనే ఆయన 1733లో కనిపెట్టిందట. అంతకుముందు నాడెను చేత్తో విసిరి చేత్తో అందుకునేవాళ్లు. అప్పట్లో అదీ కొత్త యంత్రమే. ఈ రోజు ఆ తాడు మగ్గాన్ని చూసి ఇది చేనేత కాదని ఎవరూ అనరు. మగవాళ్ల చేతికి సుఖం ఇచ్చిన యంత్రం మగ్గంలో కలిసిపోయింది. ఆడవాళ్ల భుజానికి సుఖం ఇచ్చింది మాత్రం మోసం ఎలా అవుతుంది?

ఈ మెషిన్ వల్ల నష్టపోయినవాళ్లు లేరని నేను అనను. మా వెనకింటి ఆమె మగ్గం లేని మనిషి, ఇతరుల ఇళ్లకు కూలికి ఆసు పోసేది. మెషిన్లు వచ్చాక ఆమెను పిలిచేవాళ్లు తగ్గారు. ఒక ఏడాది చాలా ఇబ్బంది పడింది. ఇప్పుడు చిటికి కడుతోంది కానీ ఆ ఏడాది సంగతి నేను మర్చిపోలేదు. మెషిన్‌కు సబ్సిడీ ఇచ్చేటప్పుడు ఇలా మగ్గం లేని ఆడవాళ్లకు ముందు ఇవ్వాలి. వాళ్లే నలుగురికి కూలికి ఆసు పోసి పెడతారు.

నిజంగా మోసం పట్టుకోవాలనుకుంటే బజారుకు వెళ్లి చూడమనండి. మా డిజైన్‌ను మిల్లు బట్ట మీద అచ్చు వేసి పోచంపల్లి అని అమ్ముతున్నారు. అది కనిపెట్టడం కష్టమేమీ కాదు. చీరను తిరగేసి చూస్తే చాలు. అచ్చు వేసిందానికి వెనక వైపు రంగు వెలిసినట్టు ఉంటుంది. మాది రెండు వైపులా ఒకేలా ఉంటుంది, పువ్వు అంచులు ఈకల్లా కొంచెం చెదిరి ఉంటాయి. ఆ చెదరడం చేతి పని వల్ల వచ్చేదే, ఆసు మెషిన్ మీద పోసినా అది పోలేదు.

ఆ ఉత్తరం వేసిన చోటే దీన్నీ వేయమని కోరుతున్నాను. మెషిన్ పక్కన కూర్చునే ఇది రాశాను. రెండుసార్లు పోగు తెగితే లేచి ముడి వేసి వచ్చాను.

ఇట్లు,
ఒక నేతింటి ఇల్లాలు,
భూదాన్ పోచంపల్లి మండలం, యాదాద్రి భువనగిరి జిల్లా