ఊరి ముచ్చట్ల సభ, పుస్తకం: జమా ఖర్చుల వివరణ

వాడకట్టు పెద్దలకు, భివండి, సూరత్, షోలాపూర్, హైదరాబాద్‌లో ఉన్న మన అన్నదమ్ములకు, ఆడబిడ్డలకు కమిటీ తరఫున నమస్కారాలు.

వేసవి సెలవుల్లో మార్కండేయ గుడి ముందు జరిగిన సభ లెక్కలు ఇంకా చెప్పలేదని నలుగురూ అంటున్నారు. నిజమే, ఆలస్యమైంది. మన ఇళ్ల తాతముత్తాతల పేర్లతో దసరాకు వస్తుందన్న పుస్తకం ఇంకా రాలేదు కాబట్టి అనుమానం రావడంలోనూ తప్పు లేదు. కానీ "పుస్తకం పైసలు పటం కథోళ్లకు పోశారు" అని, సభలో బొమ్మల పటం చూపిస్తూ మన పద్మశాలీల కులపురాణం చెప్పిన మేళం గురించి చాయ్ హోటల్ కాడ మాట్లాడుకునే బదులు ఒక్కసారి రిజిస్టర్ తిరగేస్తే బాగుండేది. సరే, లెక్క ఇది.

జమ: వాడకట్టులో 112 ఇళ్ల నుంచి ఇంటికి వెయ్యి చొప్పున 1,12,000. భివండి, సూరత్, షోలాపూర్ వాళ్లు పంపినవి 64,000. హైదరాబాద్ నుంచి 38,500. ఆడబిడ్డలు ఇచ్చినవి 21,500. సభలో పళ్లెంలో పడ్డవి 6,350. మొత్తం 2,42,350 రూపాయలు. ఆడబిడ్డలను మేము అడగలేదు. పుట్టింటి పేరు పుస్తకంలో ఉంటుందని వాళ్లే పోగు చేసుకుని తెచ్చి ఇచ్చారు. వాళ్లకు ప్రత్యేకంగా దండాలు.

ఖర్చు: టెంటు, కుర్చీలు, మైకు 31,000. భోజనాలు, టిఫిన్లు 58,400 (దీని గురించి ఇప్పటిదాకా ఒక్కరూ అడగలేదు, అన్నిటికంటే ఎక్కువ ఖర్చు ఇదే). పాత ఫొటోల స్కానింగ్, ఫ్లెక్సీలు 14,250. డీటీపీ 12,000, ప్రెస్సుకు అడ్వాన్సు 40,000. చిల్లర ఖర్చులు 3,180. వీటన్నిటికీ రసీదులున్నాయి. చిల్లర ఖర్చుల్లో ఒక్క 240 రూపాయలకు చీటీ దొరకలేదు. అది కరెంటు వైరు, బల్బులు.

ఇక పటం కథ. 56,100 రూపాయలు.

కమిటీ మీటింగ్‌లో దీనికి రాసుకున్నది 20,000. ఒక్క రాత్రి కథ, ఆ తర్వాత ఫొటోలు, అయిపోతుందనుకున్నాం. మాట్లాడడానికి పోతే మేళం పెద్దాయన ఒప్పుకోలేదు. "మార్కండేయ పురాణం ఒక్క రాత్రికి ఎట్లా కోస్తం సార్? భావనారుషి పుట్టకముందే తెల్లారుతది" అన్నాడు. మన కులానికి మూలపురుషుడే రాకుండా కథ ఎట్లా అని ఆయన మాట. చివరికి మూడు రాత్రులకు 36,000 అని కుదిరింది. అప్పటికి సభ నాలుగు రోజుల్లోకి వచ్చింది, పదకొండు మందిమి కూర్చునే టైమ్ లేదు. ఐదుగురం ఫోన్లో మాట్లాడుకుని సరే అన్నాం. మిగతా ఆరుగురికి తర్వాత చెప్పాం. అది మా పొరపాటు, ఒప్పుకుంటున్నాం.

రెండో రాత్రి వాన మీకందరికీ గుర్తుంది. ఆ పటం మామూలు ఫ్లెక్సీ కాదు. ఖాదీ బట్టకు గంజి, సుద్దమట్టి, చింతగింజల అంబలి, తుమ్మబంక పట్టించి, దాని మీద చేర్యాల ఊరి నకాషీ చిత్రకారులు బొమ్మలు వేస్తారు. నీళ్లు తగిలితే మన్ను లేస్తుంది, రంగు పోతుంది. గాలి మొదలైనప్పుడు పటం భావనారుషి, భద్రావతి పెళ్లి బొమ్మ కాడ ఉంది. మన పిల్లలు ఎనిమిది మంది టార్పాలిన్ పట్టుకుని నిలబడితే, మేళం వాళ్లు దాన్ని కిందినుంచి చుట్టుకుంటూ గుడి వరండాలోకి తెచ్చారు. పెద్దాయన టవల్‌తో ఒక మూల అద్దుతుంటే టవల్‌కు ఎర్రరంగు అంటింది. ఆయన ఏమీ అనలేదు, ఆ మరకనే చూస్తూ కూర్చున్నాడు. ఆ రాత్రి కథ ఆగిపోయింది కాబట్టి ఇంకో రోజు ఉంచాల్సి వచ్చింది, దానికి 9,000. ట్రాలీ ఆటో కిరాయి 3,500. ఐదుగురికి బట్టలు, బియ్యం 7,600. "వాన పడితే మనమెందుకు ఇయ్యాలె" అని ఒక బావ అడిగాడు. వాళ్లను ఊరికి పిలిచింది మనం, వాన తెచ్చింది వాళ్లు కాదు.

రసీదు ఏదని అడిగారు. పటం కథ చెప్పే కూనపులి వాళ్లు బిల్లుబుక్కు పట్టుకుని తిరగరు. తెల్లకాగితం మీద రెవెన్యూ స్టాంపు అతికించి పెద్దాయన సంతకం, ఇద్దరు సాక్షుల సంతకాలు తీసుకున్నాం. ఆ కాగితం ఫైల్లో ఉంది.

బట్టలు, బియ్యం ఎందుకంటే, అది మనం కొత్తగా పెట్టిన మర్యాద కాదు. వాళ్లు పద్మశాలీల ఇళ్లకే కథ చెప్పేవాళ్లు. వంతు వచ్చినప్పుడు ఊరికొస్తే ఇంటింటికీ ఇంత అని ముట్టేది. మన బాపుల కాలం దాకా నడిచింది. గుంటమగ్గాలు పోయి సగం ఇళ్లకు తాళాలు పడ్డాక ఎవరి ఇంటికి పోయి అడుగుతారు? లెక్క వేస్తే 112 ఇళ్ల మీద ఇంటికి 501 రూపాయలు పడింది. పెళ్లికి పోతే అంత చదివిస్తాం.

అసలు సంగతి ఇంకోటి ఉంది. పుస్తకం కోసం ఇంటింటికీ ఫారాలు పంచాం కదా. తాత పేరు అందరూ రాశారు. ముత్తాత పేరు కాడికి వచ్చేసరికి 47 ఫారాలు ఖాళీ. గోత్రం రాశారు, ఇంటిపేరు రాశారు, మనిషి పేరు తెలియదు. వరంగల్ ఆజంజాహి బట్టల మిల్లులో పనిచేశాడు అని ఒకరు, భివండిలో పోయాడు అని ఒకరు, అంతే. మూడో రోజు పొద్దున పెద్దాయన చాయ్ తాగుతూ సంచిలోంచి ఒక నోటుపుస్తకం తీశాడు. అట్ట లేదు, దారంతో కుట్టి ఉంది, అంచులు నూనె పట్టి నల్లబడ్డాయి. వాళ్ల నాయన చేతిరాత. ఏ ఊళ్లో ఏ ఇంటి పెద్ద ఎంత ఇచ్చాడో వరసగా ఉంది: ఇన్ని మానికల బియ్యం, ఒక పంచె, రెండు రూపాయలు. అందులో మన వాడకట్టు ఏడు పేజీలు. మా ముత్తాత పేరు నేను మొదటిసారి చదివింది అక్కడే. ఆయన పేరు ఎదురుగా "బాకీ" అని రాసి ఉంది. కోశాధికారి ఇంటి సంగతి అది, నవ్వుకోండి.

ఖాళీగా ఉన్న 47 ఫారాల్లో 31 ఇళ్ల పేర్లు ఆ ఏడు పేజీల్లో దొరికాయి. పుస్తకం ఆలస్యం కావడానికి కూడా అదే కారణం. డీటీపీ అయిపోయిన పేజీలు మళ్లీ విప్పాల్సి వచ్చింది. పైగా, ఇరవై ఏళ్లుగా మాటల్లేని రెండు ఇళ్లు ఆ నోటుపుస్తకంలో ఒకే ఇల్లుగా, ఒకే పెద్దమనిషి పేరు కింద ఉన్నాయి. ఒకరు "అట్లనే అచ్చెయ్యండి" అన్నారు, రెండోవాళ్లు "మా పేజీ తీసెయ్యండి" అన్నారు. ఇద్దరి ఇళ్లకూ నాలుగుసార్లు తిరిగాం. మొన్ననే రెండో ఇంటి అవ్వ "ఉన్నది ఉన్నట్టు ఉండనీయిరా" అన్నది. ఇప్పుడు ప్రూఫులు ప్రెస్సుకు పోయాయి.

మొత్తం ఖర్చు 2,14,930. చేతిలో ఉన్నది 27,420. మూడువందల కాపీలకు ప్రెస్సుతో మాట్లాడుకున్నది 85,000, ఇంకా 45,000 ఇవ్వాలి. అంటే 17,580 తక్కువ.

ఒప్పుకుని ఇవ్వని చందాలు తొమ్మిది మందివి కలిపి 41,000 ఉన్నాయి. అవి వస్తే తక్కువపడింది తీరి 23,420 మిగులుతుంది కూడా. పేర్లు ఇక్కడ రాయడం లేదు. కానీ పదివేలు ఇస్తానని మైకులో చెప్పి, చప్పట్లు కొట్టించుకుని, ఫ్లెక్సీ మొదటి వరుసలో ఫొటో వేయించుకున్న అన్నకు ఆ ఫ్లెక్సీ ఖర్చు కూడా ఇక్కడి లెక్కలోదే అని గుర్తు చేస్తున్నాం. ఎత్తని ఫోన్లు ఎన్నిసార్లు చేయాలి?

నెలాఖరులోగా చందాలు ముట్టితే సంక్రాంతికి పుస్తకం ఇంటింటికీ అందుతుంది. ముట్టకపోతే రెండువందల కాపీలే వేయించి, ముందు చందా కట్టినవాళ్లకే ఇస్తాం. ఇది కమిటీ మొత్తం కూర్చుని చేసిన తీర్మానం, ఈసారి ఫోన్లో కాదు.

రిజిస్టర్, రసీదులు ప్రతి ఆదివారం పొద్దున ఏడు నుంచి తొమ్మిది దాకా గుడి అరుగు మీద ఉంటాయి. నోటుపుస్తకం పేజీల ఫొటోలు కూడా అక్కడే చూడొచ్చు. ఐదో పేజీలో పైనుంచి మూడో పేరు నూనె మరకలో పడి మాకు చదవరాలేదు. చేదబావి పక్క ఇల్లు అని మాత్రం తెలుస్తోంది. ఆ ఇంటివాళ్లు కళ్లు బాగున్న పిల్లలను తీసుకుని రాగలరు.

కమిటీ తరఫున,
కోశాధికారి