లోతు మంచులోకి దిగే ముందు: సప్పొరో నుంచి తమ్ముడికి

సప్పొరో,
డిసెంబరు 14.

చిరంజీవి సూర్యానికి అప్ప ఆశీస్సులు.

ఇక్కడ మేమందరం క్షేమం. ఆమదాలవలసలో నువ్వు, పిన్ని, బాబాయి కులాసాగా ఉన్నారని తలుస్తాను. నీ ఉత్తరం అందింది. కాశ్మీరులోని గుల్‌మార్గ్‌లో స్కీయింగ్ బేసిక్ కోర్సు పూర్తయిందనీ, యంత్రంతో చదును చేసిన వాలు మీద మలుపులు బాగానే వస్తున్నాయనీ, తీరా పక్కనున్న మోకాలి లోతు కొత్త మంచులోకి దిగేసరికి స్కీల ముక్కులు కూరుకుపోయి బోర్లా పడ్డావనీ రాశావు. ఫిబ్రవరిలో మళ్ళీ వెళ్తున్నాను కాబట్టి లోతు మంచుకు పనికొచ్చే వెడల్పాటి స్కీలు కొనేస్తాను, ఏవి కొనాలో చెప్పమని అడిగావు. నా అభిప్రాయం మొదటే చెప్పేస్తాను: ఈ ఏడాది స్కీలు కొనకు, అద్దెకు తీసుకో. కొనడానికి దాచుకున్న డబ్బు దేనికి ఖర్చుపెట్టాలో చివర్లో రాస్తాను. అద్దెకు తీసుకోవడానికైనా ఏది అడగాలో తెలియాలి కదా, అందుకని నాకు తెలిసినంతవరకు వివరంగా రాస్తున్నాను.

ముందు మంచు సంగతి తెలుసుకోవాలి. ఇక్కడ శీతకాలమంతా సైబీరియా నుంచి వచ్చే చలిగాలి జపాన్ సముద్రం దాటుతూ తేమను పీల్చుకుని, మా హొక్కైడో దీవి కొండలకు తగలగానే దాన్ని మంచుగా కుమ్మరిస్తుంది. సుమారు ఇరవై లక్షల జనాభా ఉన్న ఈ నగరంలోనే ఏటా దాదాపు 5 మీటర్ల మంచు కురుస్తుంది. మేఘంలో ఉష్ణోగ్రత మైనస్ 15 డిగ్రీల దగ్గర ఉన్నప్పుడు ఆరు కొమ్మలతో విచ్చుకునే స్ఫటికాలు బాగా పెరుగుతాయి. అవి ఒకదాని మీద ఒకటి వాలినప్పుడు మధ్యలో మిగిలేది చాలావరకు గాలే. అలాంటి తాజా మంచు ఘనపు మీటరుకు 50 నుంచి 100 కిలోలు మాత్రమే తూగుతుంది, అదే నీళ్ళయితే 1000 కిలోలు. గుల్‌మార్గ్ మంచు తీరు వేరు. అక్కడ వెస్టర్న్ డిస్టర్బెన్స్, అంటే పడమటి నుంచి వచ్చే శీతకాలపు వాయుగుండం, వచ్చినప్పుడు ఒక్కసారిగా విపరీతంగా పడుతుంది, ఆ తరువాత తెరిపి ఇచ్చి ఎండ కాస్తుంది, దాదాపు 4000 మీటర్ల ఎత్తున్న అఫర్వత్ కొండ పైభాగంలో గాలి కొట్టి పైపొర గట్టిపడుతుంది. ఒకే దిగుడులో పైన గాలి కొట్టిన గట్టి మంచు, మధ్యలో నడుము లోతు మెత్తటి మంచు, కింద పదిమంది దిగిపోయిన గతుకుల దారి, మూడూ ఎదురుకావచ్చు. స్కీని ఎంచుకునేటప్పుడు మెత్తటి మంచు ఒక్కదాన్నే కాక ఈ మూడింటినీ దృష్టిలో పెట్టుకోవాలి.

స్కీ వెడల్పును దాని నడుము దగ్గర, అంటే బూటు కింద, మిల్లీమీటర్లలో కొలుస్తారు. కోర్సులో నీకిచ్చినవి బహుశా 70, 75 ప్రాంతంలో ఉండి ఉంటాయి. చదును వాలుకు అవే మేలు. లోతు మంచుకని చేసేవి 105 నుంచి 120 వరకు, కొన్ని అంతకు మించి కూడా ఉంటాయి. 175 సెంటీమీటర్ల పొడవున్న జత 70 మిల్లీమీటర్ల నుంచి 110 మిల్లీమీటర్లకు మారితే నీ బరువును మోసే వైశాల్యం ఒకటిన్నర రెట్లు దాటుతుంది. ఈ చిన్న లెక్క అమలులోకి రావడానికి చాలాకాలం పట్టింది. ఆస్ట్రియాకు చెందిన రూపర్ట్ హూబర్ 1988 ప్రాంతంలో అటామిక్ కంపెనీ కోసం పౌడర్ ప్లస్ అనే లావుపాటి స్కీని రూపొందించేవరకు, లోతు మంచులో దిగడమంటే సన్నటి పొడవాటి కర్రల మీద ఏళ్ళ తరబడి సాధన చేసినవారి విద్యగానే ఉండేది. దాన్ని మొదట్లో ముసలివాళ్ళ స్కీ అని ఎగతాళి చేశారు. ఆ ఎగతాళి చేసినవాళ్ళే తరువాత వెడల్పాటివి కొనుక్కున్నారు.

వెడల్పు కన్నా పెద్ద మార్పు వంపులో వచ్చింది. మామూలు స్కీని నేల మీద పెడితే నడుము దగ్గర కొద్దిగా పైకి లేచి, ముక్కు, తోక మాత్రమే నేలకు ఆనుతాయి. దీన్ని క్యాంబర్ అంటారు. నువ్వు ఎక్కి నిలబడగానే ఆ వంపు అణిగి అంచు మొత్తం గట్టి మంచును పట్టుకుంటుంది. అదే స్కీ మెత్తటి మంచులో ముక్కును కిందికి తోస్తుంది, నీకు జరిగింది ఇదే. షేన్ మెక్‌కాంకీ అనే స్కీయరు ఈ వంపును తలకిందులు చేయాలని పట్టుబట్టడంతో వోలాంట్ కంపెనీ 2002లో స్పాచులా అనే స్కీని తెచ్చింది. మధ్యభాగం ఆని ముక్కు, తోక పైకి లేచి ఉండే ఈ వంపే రాకర్. కళింగపట్నం రేవులో తెప్ప ముక్కు ఎందుకు పైకి లేచి ఉంటుందో నీకు నేను చెప్పనక్కరలేదు. అలలోకి పొడుచుకుపోకుండా అల మీదికి ఎక్కడానికి. రాకర్ చేసే పనీ అదే. అయితే పూర్తి రాకర్ స్కీలు గట్టి మంచు మీద అంచు నిలవక జారిపోతాయి గనుక, ఇప్పుడు ఎక్కువగా ముక్కుకు బాగా, తోకకు కొద్దిగా రాకర్ పెట్టి, బూటు కింద క్యాంబర్ ఉంచుతున్నారు. అద్దె దుకాణంలో ఆ రకమే అడుగు. రెండు స్కీలను అడుగుకు అడుగు ఆనించి పక్క నుంచి చూడు. ముక్కుల నుంచి ఎంత వెనక దాకా రెండూ విడిపోయి ఉంటే రాకర్ అంత ఎక్కువ.

నీ ఎత్తుకూ బరువుకూ నేను చెప్పేది 105 నుంచి 110 మధ్య వెడల్పు, నీ ఎత్తంతగాని దానికి ఒక అయిదారు సెంటీమీటర్లు మించిగాని పొడవు. ముక్కు లేచి ఉండే స్కీ చదును మంచు మీద తన నిజమైన పొడవుకన్నా పొట్టిగా నడుస్తుంది, కనుక కోర్సులో వాడినదానికన్నా పొడవుందని భయపడకు. దుకాణంవాడు 120 మిల్లీమీటర్లవి చూపించి ఇవే అసలైనవి అంటాడు. అవి లోతులో హాయిగా తేలతాయి, కాదనను. కానీ అడుగున గట్టి మంచు తగిలిన ప్రతిసారీ అంత వెడల్పు స్కీని అంచు మీదికి ఎక్కించడానికి మోకాళ్ళు పడే శ్రమ మధ్యాహ్నానికల్లా తెలిసిపోతుంది. స్కీ మరీ బిరుసుగా కూడా ఉండకూడదు. ముక్కును చేత్తో పట్టి వంచితే కాస్త లొంగాలి. పోల్స్, అంటే చేతికర్రల, కింద ఉండే చక్రాలు వెడల్పాటివి బిగించమను, లేకపోతే పోల్ పిడి దాకా దిగబడుతుంది. రెండు మీటర్ల రంగు రిబ్బన్లు రెండు కొనుక్కుని, ఒక్కోదాని కొసను బూటును స్కీకి పట్టి ఉంచే ఒక్కో బైండింగుకు కట్టి, మిగతాది ప్యాంటు అడుగున దోపుకో. పడినప్పుడు ఊడిన స్కీ మంచు అడుగున జారిపోయి కనబడదు, రిబ్బను కనబడుతుంది.

ఇక దిగే పద్ధతి. లోతు మంచులో వెనక్కి వాలాలని నీకు ఎవరో చెప్పారని రాశావు. ఆ సలహా సన్నటి స్కీల రోజుల నాటిది, ఇంకా చావలేదు. వెనక్కి వాలితే ముక్కు లేస్తుంది, నిజమే, కానీ ఆ వాలిన భంగిమలో స్కీలను తిప్పలేవు, బరువంతా తొడల మీద పడి కొద్దిసేపట్లోనే మండిపోతాయి. ముక్కును లేపే పని రాకర్ చేస్తుంది, నువ్వు చేయనక్కరలేదు. బూటు నాలుకకు పిక్కెముక తేలికగా ఆనుతూ ఉండాలి, నడుము పాదాల మీదుగా ఉండాలి, చేతులు ఎప్పుడూ కళ్ళ ముందు కనబడుతూ ఉండాలి. చదును వాలు మీద బయటి కాలి మీదే బరువు వేయమని నీకు నేర్పారు. ఇక్కడ అలా చేస్తే ఆ కాలు దిగబడి, రెండోది పైకి తేలి, కాళ్ళు విడిపోతాయి. పాదాలు కాస్త దగ్గరగా చేర్చి, బరువు దాదాపు సమానంగా రెంటి మీదా పంచి, రెండు స్కీలూ ఒకటే అన్నట్టు నడపాలి. ముక్కులు కలిపి తోకలు విప్పే స్నోప్లో అయితే లోతులో పూర్తిగా మర్చిపో. ఒక్కో స్కీ ఒక్కో దిక్కుకు పోతుంది.

కొత్తవారిని పడేసేది భయంతో తగ్గించుకునే వేగం. మెత్తటి మంచులో స్కీని పైకి తేల్చేది సగం వైశాల్యం, సగం వేగం. నెమ్మదిగా పోయేకొద్దీ లోతుకు దిగుతావు, దిగేకొద్దీ తిప్పడం కష్టమవుతుంది. అందుచేత మొదటి మలుపుకు తొందరపడకుండా, ముందు అడ్డంకులు లేని చోటు చూసుకుని, స్కీలను నేరుగా వాలు వైపు వదలాలి. మొదట మంచు మోకాళ్ళకు అడ్డుపడి వెనక్కి నెడుతున్నట్టుంటుంది, ఆ తరువాత పాదాల కింద ఒత్తిడి మారి, స్కీలు పైకి వస్తున్నట్టు స్పష్టంగా తెలుస్తుంది, బూట్ల ముందు నుంచి మంచు రెండు పక్కలకూ చీలడం మొదలవుతుంది. అప్పుడే తిప్పాలి. పాదాలను మెలిపెట్టి తిప్పకూడదు. కాళ్ళు చాపుతూ రెండు స్కీలనూ కలిపి కిందికి అదిమితే, మంచు నొక్కుకుపోయి ఒక క్షణం మెట్టులా గట్టిపడి తిరిగి పైకి నెడుతుంది. ఆ నెట్టుడుకు మోకాళ్ళు మడిచి, స్కీలు తేలికైన ఆ క్షణంలో రెంటినీ కలిపి కొత్త దిక్కుకు నడిపించాలి. మలుపు గుండ్రంగా, ఓపికగా ఉండాలి. వేగాన్ని మలుపు పూర్తిచేయడంతోనూ, మంచు లోతుతోనూ అదుపు చేయాలే తప్ప, స్కీలను అడ్డంగా తోసి ఆపబోతే అంచు తగులుకుని నువ్వు మాత్రం ముందుకు ఎగురుతావు. ఆగాలంటే వంపు తిరుగుతూ కొండ వైపు మళ్ళితే చాలు, మంచే ఆపుతుంది.

సాధన చదును వాలు అంచున, చీలమండ లోతులో మొదలుపెట్టు. నేరుగా దిగుతూ పైకీ కిందికీ ఊగడం ముందు అలవాటు చేసుకో. ఆ ఊగుడు లయ కుదిరాక మలుపు దానంతటదే వస్తుంది.

పడతావు, అందులో సందేహం లేదు. లేవడానికి చేత్తో నేలను నెట్టబోతే చెయ్యి భుజం దాకా దిగిపోతుంది. స్కీలను వాలుకు అడ్డంగా, నీకన్నా దిగువకు తెచ్చుకుని, రెండు పోల్స్‌ను గుణకారపు గుర్తులా మంచు మీద పరచి, ఆ రెండూ కలిసినచోట అరచేయి ఆనించి లే. స్కీ ఊడితే కిందికి వెతకవద్దు, చాలాసార్లు అది నువ్వు ఆగినచోటికి ఎగువన, ఊడినచోటికి దగ్గర్లోనే ఉంటుంది. రెండో స్కీ తోకతో మంచును అడ్డంగా కోస్తూ వెతుకు. దొరికాక మంచును కాలితో తొక్కి గట్టి చేసి, స్కీని అడ్డంగా ఉంచి, బూటు అడుగున అంటుకున్న మంచును పోల్ మొనతో పూర్తిగా గీకెయ్యి. ఆ బిళ్ళ మిగిలితే మడమ బైండింగు టక్కుమని మూసుకున్నట్టే ఉండి రెండో మలుపులో విడిపోతుంది.

ఈ కింది భాగం పిన్నికి చదివి వినిపించకు, నువ్వు మాత్రం రెండుసార్లు చదువు. లోతు మంచులో నేను చెప్పిన వేగం రావాలంటే వాలు నిటారుగా ఉండాలి. మంచుచరియలు ఎక్కువగా విరిగిపడేదీ 30 నుంచి 45 డిగ్రీల వాలులోనే. 2023 ఫిబ్రవరి 1న అఫర్వత్ వాలులో మంచుచరియ విరిగిపడి పోలండ్ స్కీయర్లు ఇద్దరు చనిపోయారు. పెద్ద మంచు పడిన మర్నాడు పైకి తీసుకెళ్ళే గొండోలా రోప్‌వే మూసి ఉంటే, విసుక్కోకుండా కింద అడవిలోనే ఆడుకో. గస్తీవారు తెరవని వాలులోకి ఎవరు పిలిచినా వెళ్ళకు. మంచు కింద పూర్తిగా కప్పబడినవారు బతికే అవకాశం మొదటి పావుగంట దాటాక వేగంగా పడిపోతుంది, అంత తక్కువ వ్యవధిలో తవ్వగలిగేది పక్కనున్న తోడువారే. అందుకే కప్పబడినవారి జాడను రేడియో సంకేతంతో చూపే, 457 కిలోహెర్ట్జ్ మీద పనిచేసే ట్రాన్సీవరు, మంచులోకి గుచ్చి వెతికే మడిచే కడ్డీ ప్రోబు, అల్యూమినియం పార, మూడూ ప్రతి ఒక్కరి దగ్గరా ఉండాలి, వాడడం వచ్చి ఉండాలి. స్కీలకని దాచిన డబ్బుతో నువ్వు కొనవలసినవి ఇవి. అడవిలో మరో ప్రమాదం ఉంది: దేవదారు, ఫర్ చెట్ల కింది కొమ్మలు మంచును ఆపడంవల్ల మొదలు చుట్టూ పైకి కనబడని గుంట ఏర్పడుతుంది. తలకిందులుగా అందులో పడినవారు తమంతట తాము బయటికి రావడం చాలా కష్టం. చెట్టుకు దూరంగా, చెట్ల మధ్య ఖాళీల వైపే చూస్తూ దిగు. తోడువాడు ఎప్పుడూ కంటికి ఆనేంత దగ్గరలో ఉండాలి. ఈల మెడలో ఉండాలి.

బూట్లు మాత్రం అద్దెవి వద్దంటాను. పాదానికి సరిపోని బూటుతో ఎంత మంచి స్కీ అయినా మాట వినదు. నా దగ్గర పనిచేసే స్థితిలో ఉన్న జత ఒకటి ఉంది, నీకు సరిపోతుందో లేదో చూడాలి. ఒక తెల్లకాగితం మీద గోడకు మడమ ఆనించి నిలబడి, బొటనవేలి కొస దాకా ఎన్ని మిల్లీమీటర్లో, పాదం వెడల్పైనచోట ఎంతో రెండు కాళ్ళకూ కొలిచి రాయి. సాయంత్రం పూట కొలువు, పొద్దుటికన్నా పాదం కాస్త పెద్దదవుతుంది. సరిపోతే సంక్రాంతికి వచ్చే మన ఊరివారి చేత పంపిస్తాను. బైండింగు బిగుతును నీ బరువు, ఎత్తు, వయసు, బూటు అడుగు పొడవును బట్టి దుకాణంలో అమర్చాలి. ఆ పొడవు బూటు మడమ పక్కన అచ్చువేసి ఉంటుంది. ఆ అంకె చూడకుండా స్క్రూ తిప్పే దుకాణంవాడి దగ్గర స్కీలు తీసుకోకు.

పిన్నికీ బాబాయికీ నా నమస్కారాలు. కొలతలు వెంటనే పంపు.

ఇట్లు,
నీ అప్ప