టర్బో దింపినప్పుడే ప్యాకింగులన్నీ మార్చెయ్

నాయనా,

లారీ నెల్లూరు ఆటోనగర్‌లో పెట్టావనీ, రేపు టర్బో దింపుతారనీ అమ్మ చెప్పింది. ఫోనులో అయితే సగం మాటలు షెడ్డు గోలలోనే పోతాయి, అందుకే రాస్తున్నా. నువ్వు చదివి మెకానిక్ చేతికి కూడా ఇవ్వు.

పాతది ఎందుకు పోయిందో తేలకుండా కొత్త టర్బో ఎక్కించొద్దు. ఆయిల్ అందక బేరింగు కాలిందా, ఎయిర్ ఫిల్టరు పక్కనుంచి దుమ్ము లాగి రెక్కలు అరిగాయా, ఇంజన్‌లోంచి ఏదైనా ముక్క ఊడి వేడివైపు చక్రానికి తగిలిందా అన్నది విప్పగానే చాలావరకు తెలిసిపోతుంది. చీమకుర్తి క్వారీల దుమ్ములో తిరిగే బండి కాబట్టి నా అనుమానం ఫిల్టరు, దాని హోసు క్లాంపుల మీదే. గాలివైపు రెక్కలు విరిగుంటే టర్బో గాలిని చల్లార్చే ఇంటర్‌కూలర్ విప్పి కడిగించు. లోపల మిగిలిన ముక్క ఆ తర్వాత ఇంజన్‌లోకే పోతుంది.

ఇక అసలు సంగతి. టర్బోకు ముందుండే లీకు వేరు, తర్వాతుండే లీకు వేరు. ముందువైపు పొగ ఒత్తిడితోనే టర్బో చక్రం తిరిగి ఇంజన్‌లోకి గాలి నెట్టేది. లోడు మీద అక్కడి వేడి 600, 700 డిగ్రీల సెంటీగ్రేడు దాకా పోతుంది. సిలిండర్ల పొగను టర్బోకు చేర్చే మ్యానిఫోల్డ్ ప్యాకింగు దగ్గర సన్నగా లీకైనా చాలు, ఆ ఒత్తిడి బయటికి పోయి చక్రం వేగం అందుకోదు. గాలి చాలక డీజిల్ సరిగా కాలదు. నల్లపొగ, పికప్ లేకపోవడం, మైలేజీ పడిపోవడం, ఇంజన్ వేడెక్కడం అన్నీ అక్కడినుంచే మొదలు. అప్పుడు అందరూ కొత్త టర్బోనే తప్పుపడతారు. తర్వాతివైపు లీకైతే పికప్ అంతగా పోదు గానీ పొగ క్యాబిన్‌లోకి ఎక్కుతుంది. నువ్వు పడుకునేది అందులోనే, దాన్ని చిన్నదనుకోవద్దు.

ఆరు సిలిండర్లకు మ్యానిఫోల్డ్ ప్యాకింగులు ఆరు, మ్యానిఫోల్డ్ మీద ఆనే టర్బో కాలు కింద ఒకటి, పొగ బయటికి పోయే నోటికి ఒకటి, పొగ దారి మూసి బండిని నెమ్మదింపజేసే ఎగ్జాస్ట్ బ్రేకుకు రెండువైపులా, ఆయిల్ రిటర్న్ పైపుకు ఒకటి, ఆయిల్ వచ్చే పైపు బోల్టుకు రాగి వాషర్లు రెండు. మ్యానిఫోల్డ్ ముక్కలుగా వచ్చే ఇంజనైతే నడిమి రింగులు కూడా తెప్పించు. ఒకసారి నలిగిన ప్యాకింగు మళ్లీ వెయ్యనివ్వొద్దు. నట్లు, స్టడ్లు కూడా కొత్తవే, వేడికి తట్టుకునే రకమే ఉండాలి. బజారులో దొరికే మామూలు బోల్టులు వేడికి సాగి పట్టు వదిలేస్తాయి.

విప్పేటప్పుడే ఎక్కువ పాడవుతుంది. కృష్ణపట్నం పోర్టు ఉప్పుగాలికి నట్లు తుప్పుతో అతుక్కుపోయుంటాయి. ముందురోజు రాత్రే తుప్పు వదిలే నూనె పట్టించమను. నట్టు కదలకపోతే గ్యాసుతో నట్టును మాత్రమే కాల్చి, ముందు కాస్త బిగించి, తర్వాత పావు చుట్టు వదులుతూ బిగిస్తూ తియ్యాలి. పానాకు పొడుగు పైపు తగిలించి ఒక్క ఊపున లాగితే స్టడ్ హెడ్‌లోనే విరుగుతుంది. విరిగిన మొన బయటికి ఉంటే దానిమీద నట్టు పెట్టి వెల్డింగు చేసి తియ్యొచ్చు. ఆ వెల్డింగు వేడికే స్టడ్ పట్టు వదులుతుంది. లోపల విరిగితే సరిగ్గా నడిమధ్య పంచ్‌తో గుర్తు కొట్టి డ్రిల్ చెయ్యాలి. వంకరగా పోతే హెడ్ పోయినట్టే. బండిమీద వెల్డింగు అన్నప్పుడల్లా బ్యాటరీ తీగలు, ఇసిఎం (ఇంజన్ కంప్యూటరు) కనెక్టర్ ఊడదీయించు.

మ్యానిఫోల్డ్ బయటికి వచ్చాక దాని ముఖాల మీద స్టీలు స్కేలు నిలబెట్టి కింద ఫీలర్ గేజ్ (సందు కొలిచే సన్న రేకు) దూరుతుందేమో చూడమను. ఎంతవరకు ఒప్పుకోవచ్చో ఆ ఇంజన్ పుస్తకంలో ఉంటుంది. అంతకు మించి వంగితే లేత్ షాపులో అన్ని ముఖాలూ ఒకే మట్టానికి కోయించాలి. ఎమ్రీ పేపరుతో రుద్ది సరిచేయడం కుదరదు. టర్బో కాలు ఆనే చోట, పోర్టుల (సిలిండర్ల పొగ దారుల) మధ్య, నెర్రెలు కూడా చూడాలి. నెర్రె ఉంటే మార్చెయ్, పోత ఇనుము వెల్డింగు ఆ వేడికి నిలవదు.

ఎగ్జాస్ట్ ప్యాకింగుకు సిలికాన్ పేస్టు పూయనివ్వొద్దు, కాలి రాలిపోతుంది. ఆయిల్ రిటర్న్ దగ్గర ఇంకా ప్రమాదం. లోపలికి పొంగిన పేస్టు దారి మూసేస్తుంది. ఆయిల్ కిందికి దిగలేక టర్బో సీలు దాటి సైలెన్సర్‌లోకి పోతుంది, నీలిపొగ మొదలవుతుంది. బిగింపు నడిమి పోర్టు నుంచి చివర్లకు, మూడు విడతల్లో, బిగింపు కొలిచే టార్క్ రెంచితోనే చెయ్యాలి.

పైపుల పని తొందరగా తేల్చేది కాదు. బెల్లోస్ (అదురు తట్టుకునే ముడతల పైపు) నలిగినా చిల్లు పడినా కొత్తది వెయ్యి, అతుకు వేయించొద్దు. వంకరగా ఉన్న పైపును బెల్లోస్ వంచి కలిపితే కొద్దిరోజులకే చిరుగుతుంది. ముందు అన్నీ వదులుగా తగిలించి, సైలెన్సర్ హ్యాంగర్ రబ్బర్లమీద బరువు సరిగ్గా కూర్చున్నాక, టర్బోవైపు నుంచి వెనక్కి బిగించుకుంటూ పోవాలి. హ్యాంగర్ తెగితే సైలెన్సర్ బరువంతా టర్బోమీద పడి దాని గుల్ల పగులుతుంది. ఎగ్జాస్ట్ బ్రేకు తలుపు పూర్తిగా తెరుచుకుంటుందో లేదో చేత్తో ఆడించి చూడు. సగంలో ఇరుక్కుంటే పొగ వెనక్కి తంతుంది. సరిగా మూసుకోకపోతే రాపూరు ఘాటు దిగేటప్పుడు నీ కాలు మామూలు బ్రేకుమీదే ఉండాల్సొస్తుంది. ఇది బీఎస్6 (పొగ కాలుష్య నిబంధనల) బండి కాబట్టి సెన్సర్ల తీగలు వేడి పైపుకు తగలకుండా కట్టించు. పొగలోకి ఆడ్‌బ్లూ (యూరియా కలిపిన నీళ్లు) చిమ్మే చోటు తర్వాతి అతుకుల దగ్గర తెల్లటి ఉప్పులాంటిది పేరుకుంటే అక్కడ లీకున్నట్టే.

స్టార్టు చేసేముందు టర్బో ఆయిల్ రంధ్రంలో శుభ్రమైన ఇంజన్ ఆయిల్ పోసి చక్రం చేత్తో తిప్పించు. డీజిల్ అందకుండా చేసి, ఆయిల్ ప్రెషర్ వచ్చేదాకా సెల్ఫ్ కొట్టాలి. తర్వాత కొన్ని నిమిషాలు నెమ్మదిగా ఆడనివ్వు, రేసు పెట్టొద్దు. సైలెన్సర్‌లో చేరిన పాత ఆయిల్ కాలేదాకా పొగ వస్తుంది, ఆ పొగ చూసి కొత్త టర్బో విప్పించొద్దు. పొగ రోజులు గడిచినా తగ్గకపోతేనే రిటర్న్ పైపు చూడాలి.

మర్నాడు పొద్దున్నే చల్లటి ఇంజన్ స్టార్టు చేసి మ్యానిఫోల్డ్ దగ్గర చెవి పెట్టు. టిక్ టిక్ మని కొట్టి వేడెక్కాక ఆగిపోతే ఆ ప్యాకింగు లీకే. అతుకుల పక్కన నల్లటి మసి గీతలు ఏవైనా కనిపిస్తున్నాయేమో లైటు వేసి చూడు. పుస్తకంలో మళ్లీ బిగించమని ఉంటే ఇంజన్ పూర్తిగా చల్లారాకే బిగించాలి. తీసిన పాత ప్యాకింగులు పారేయనివ్వొద్దు, పోర్టు వరుసలో పెట్టి ఫొటో తీసి పంపు. ఏ పోర్టు దగ్గర మసి దాటిందో చూసి, ఆ ముఖం మళ్లీ కొలవాలా వద్దా అన్నది చెబుతా.

ఆశీస్సులతో,
నాన్న