కమిషనర్ గారూ, ఆ పలకల పని కాస్త ఆపించండి

మునిసిపల్ కమిషనర్ గారికి, నమస్కారం.

మా పార్కు చుట్టూ మిగిలిన కాస్త మట్టి మీద కూడా సిమెంటు పలకలు పరుస్తున్నారు. బురద పోతుందని సంబరపడ్డవాళ్లలో నేనూ ఒకణ్ణి. మొన్నటి వానకి బురద పోయి వరద వచ్చింది.

చదరపు మీటరు మీద 1 మిల్లీమీటరు వాన పడితే 1 లీటరు నీళ్లు. 500 చదరపు మీటర్ల పలకల మీద 20 మిల్లీమీటర్లు కురిస్తే 10,000 లీటర్లు. దాదాపు అన్నీ ఒక్కసారే కాలువ మీద పడతాయి. తొలి జల్లు రోడ్డు మీది ఆయిల్, టైర్ల పొడి కూడా కడిగి మోసుకుపోతుంది.

ఇంకో తమాషా చూడండి. లాన్ రోడ్డు కంటే జానెడు ఎత్తులో ఉంది, చుట్టూ గట్టు. వాన నీళ్లు దాని పక్కనుంచే పారిపోతాయి. ఎండ రాగానే అదే లాన్‌కి పైపు పెడతారు!

ఆ గట్టుకి అక్కడక్కడా గండి పెట్టించి, లోపల రోడ్డు కంటే జానెడు కిందికి ఉండేలా పల్లం తీయించండి. అందులో లోతుగా వేళ్లు దిగే స్థానిక గడ్డి, పొదలు నాటితే నేల గుల్లబారి నీళ్లు ఇంకుతాయి. దోమల టెన్షన్ అక్కర్లేదు. గుడ్డు దోమ కావడానికి వారం అటూ ఇటూ పడుతుంది, సరిగ్గా తీసిన పల్లం రెండు రోజుల్లో ఆరుతుంది. బంకమట్టి ఉన్నచోట ఇసుక, కంపోస్టు కలపాలి. ఇళ్ల పునాదులకి 3 మీటర్లైనా ఎడం ఉంచాలి.

ఇంకా సగం పలకలు లారీలోనే ఉన్నాయి. వాటిని దించకముందే ఒకసారి, వాన పడుతున్నప్పుడు, వచ్చి చూడండి.

ఇట్లు,
పార్కు ఎదురింటివాడు