దేవరకొండకు ఒక నాటకశాల ఇవ్వండి

తెలంగాణ సాంస్కృతిక శాఖ మంత్రి గారికి నమస్కారాలు.

మా నాయిన యక్షగానంలో హరిశ్చంద్రుడి వేషం కట్టేవాడు. పొనికి కర్ర కిరీటం, భుజకీర్తులు పాత చీరలో చుట్టుకొని, బస్సులో ఒళ్లో పెట్టుకొని పోయేవాడు. నాకు పన్నెండేళ్లప్పుడు నన్ను రవీంద్రభారతికి తీసుకెళ్లాడు. ఆడడానికి కాదు, నాటకం చూడడానికి. తెర లేచాక నా చెయ్యి గట్టిగా పట్టుకొని, "ఎంత మెల్లగ మాట్లాడినా ఎనక దాకా ఇనబడుతుంది బిడ్డా" అన్నాడు.

టాగూరు శతజయంతి గుర్తుగా 1961లో మొదలైన ఆ భవనమంటే నాకు అప్పటి నుంచీ ప్రాణం. పక్కనే అసెంబ్లీ, పబ్లిక్ గార్డెన్స్. పైన పైడి జైరాజ్ థియేటర్‌లో కుర్రవాళ్లు తీసిన చిన్న సినిమాలు వేస్తారు. మధ్యాహ్నం సుల్తాన్‌బజార్‌లో 1901 నాటి శ్రీకృష్ణదేవరాయ భాషానిలయంలో చదువుకొని, సాయంత్రానికి ఇక్కడ నాటకం చూడొచ్చు. నగరంలో ఉన్నవాళ్ల అదృష్టం అది. మాకు వంద కిలోమీటర్ల పైమాటే. చివరి అంకం నడుస్తుంటే మా మనసంతా ఆఖరి బస్సు టెన్షనే.

నాటకం మాకు కొత్తదేం కాదు. 14వ శతాబ్దంలో రాచకొండను ఏలిన సింగభూపాలుడు నాటక లక్షణాల మీద 'రసార్ణవ సుధాకరం' రాశాడు. దేవరకొండ కోటను ఏలింది కూడా ఆయన పుట్టిన రేచర్ల వంశమే. మన రైతాంగ పోరాటం మీద 1947లో వచ్చిన 'మా భూమి' నాటకాన్ని ఆంధ్ర ప్రాంతంలో ఊరూరా ఆడారు.

ఇక్కడ మా మేళాలకు దొరికేవి ఫంక్షన్ హాళ్లే. పెళ్లిళ్ల సీజన్‌లో అవీ దొరకవు. దొరికినా గోడలన్నీ టైల్స్, పద్యం ఎత్తుకుంటే మాట మాట మీద పడి ఒక్క ముక్కా అర్థం కాదు.

మేం పెద్ద ఏసీ భవనం అడగడం లేదు. మూడు వందల మంది కూర్చునే హాలు చాలు. మాట చివరి వరుసకు చేరాలి. హార్మోనియం, మద్దెల వాళ్లు కూర్చోవడానికి వేదిక పక్కన చోటుండాలి. ఆడవాళ్లకు వేరే మేకప్ గది, మొహాన పూసిన అర్దళం రంగు కడుక్కోవడానికి నీళ్లు కావాలి. ఒక్కటి మాత్రం రాతపూర్వకంగా ఇవ్వండి: దాన్ని పెళ్లిళ్లకు కిరాయికి ఇవ్వకూడదు.

నాయినకు ఇప్పుడు డెబ్బై దాటాయి. కిరీటం అటక మీదే ఉంది. మొన్న దసరాకు కిందికి దించి, ఊడిన చోటల్లా కొత్త బంగారు కాగితం అంటించి, మళ్లీ అదే చీరలో చుట్టి పెట్టాడు.

ఇట్లు,
ఒక యక్షగాన కళాకారుడి బిడ్డ,
దేవరకొండ, నల్లగొండ జిల్లా