ఉత్ప్రేరకాలకు పరీక్ష మన ఎండలో జరగాలి

సంపాదకుడు గారికి,

ఎండ, గాలి కరెంటుతో నీటిని విడగొట్టి తీసే గ్రీన్ హైడ్రోజన్ పేరెత్తితే చాలు, మన నాయకులు ఎకరాలు, కోట్లు లెక్క చెబుతారు. నీటిని విడగొట్టే యంత్రం, అంటే ఎలక్ట్రోలైజర్, లోపలి సంగతి ఎవరికీ పట్టదు. ఆమ్ల పద్ధతి ఎలక్ట్రోలైజర్లలో హైడ్రోజన్ వైపు ప్లాటినం, ఆక్సిజన్ వైపు ఇరిడియం ఉత్ప్రేరకాలుగా, అంటే తాము ఖర్చు కాకుండా చర్యను వేగపరిచేవిగా, వాడతారు. రెండూ అరుదైనవే, దిగుమతి చేసుకోవలసినవే.

ప్లాటినం స్థానంలోకి రాగలదని పరిశోధకులు ఆశ పెట్టుకున్న వాటిలో ద్విమితీయ పదార్థమైన మాలిబ్డినం డైసల్ఫైడ్ ఒకటి. చమురు శుద్ధి కర్మాగారాల్లో గంధకాన్ని తొలగించడానికి దశాబ్దాలుగా వాడుతున్నదే. బేతంచెర్ల నాపరాయిలా పొరలుగా చీలుతుంది. ఒక్కో పొర మందం నానోమీటరు కన్నా తక్కువ. విశాలమైన తలం దాదాపు ఏ పనీ చేయదు, హైడ్రోజన్ పుట్టేది అంచుల దగ్గరే అని 2007లో ప్రయోగపూర్వకంగా తేలింది. అందుకే అంచులు పెంచడానికీ, తలంలో గంధకం పరమాణువులు తీసి ఖాళీలు చేయడానికీ ఇన్ని పాట్లు. ఇప్పటికీ ప్లాటినంతో సమానం కాలేదు. ఇరిడియం సమస్య దీనితో తీరదు కూడా. దానికి క్షార పద్ధతిలో నికెల్, ఇనుము కలిసిన పొరల హైడ్రాక్సైడ్లు దారి చూపుతున్నాయి.

కడప యోగి వేమన విశ్వవిద్యాలయంలో నానోటెక్నాలజీ విభాగం ఉంది. కర్నూలులో ట్రిపుల్ ఐటీ ఉంది. కొరత మనుషులది కాదు, అసలైన పరిస్థితుల్లో పరీక్షించే చోటుది. ప్రయోగశాలలో చిన్న ఎలక్ట్రోడు మీద నిలకడైన కరెంటుతో చేసే పరీక్ష వేరు, ఎండ మీద నడిచే యంత్రం వేరు. మబ్బు పడితే కరెంటు తగ్గుతుంది, పొద్దు గూకితే ఆగిపోతుంది, తెల్లవారితే మళ్లీ మొదలు. ఈ ఆగడం, మొదలవడంలోనే ఉత్ప్రేరకం కరగడమో ఊడిపోవడమో జరుగుతుంది. వేల గంటలు నడిపితే గాని దాని మన్నిక తెలియదు.

కర్నూలు ప్రాంతంలోని గని, శకునాల గ్రామాల దగ్గర 1000 మెగావాట్ల సోలార్ పార్కు ఉంది. అక్కడ కొన్ని కిలోవాట్ల పరీక్షా కేంద్రం పెట్టి, సీమ విశ్వవిద్యాలయాల ఉత్ప్రేరక నమూనాలన్నిటికీ అవకాశం ఇవ్వాలి. 2023 జనవరిలో కేంద్రం ఆమోదించిన 19,744 కోట్ల హైడ్రోజన్ మిషన్‌లో పరిశోధన వాటా 400 కోట్లే. అందులోంచైనా అడగవచ్చు కదా! నీటి లెక్క కూడా దాచకూడదు. కిలో హైడ్రోజన్‌కు రసాయన సూత్రం ప్రకారమే 9 లీటర్లు కావాలి, శుద్ధిలో పోయేది అదనం. నెగ్గిన నమూనాలతో పాటు పాడైపోయిన వాటి వివరాలూ ఏటా ప్రచురించాలని కోరుతున్నాను.

– విశ్రాంత రసాయనశాస్త్ర అధ్యాపకుడు, కర్నూలు